‘పర్సిస్ట్’ అంటే పట్టుదలేనా?

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే చాలు, టీవీ స్క్రోలింగ్‌లో ఓ ఊరి పేరు పరుగెడుతుంది. ‘కళింగపట్నానికి ఆగ్నేయంగా ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై...’ అంటూ. వంశధార సముద్రంలో కలిసేచోట, ఓ లైట్‌హౌస్, ఇసుక, వేటపడవలతో ఉండే ఈ శ్రీకాకుళం జిల్లా ఊరిని చూడనివాళ్లకి కూడా ఆ పేరు మాత్రం నోటికి వచ్చు.

2021 సెప్టెంబరు 26 రాత్రి ‘గులాబ్’ తుపాను సరిగ్గా ఈ కళింగపట్నానికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దగ్గర తీరం దాటింది. మామూలుగా తీరం దాటిన తుపాను నేల మీదకు రాగానే నీరసించి, ఒకట్రెండు రోజుల వానలతో సరిపెట్టుకుంటుంది. గులాబ్ కూడా బలహీనపడింది గానీ పూర్తిగా చచ్చిపోలేదు. తెలంగాణ, మహారాష్ట్ర, గుజరాత్ మీదుగా అల్పపీడనంగా ఈడ్చుకుంటూ వెళ్లి అరేబియా సముద్రంలో దిగింది. అక్కడ నీళ్లు తగిలేసరికి మళ్లీ ప్రాణం పోసుకుని ‘షహీన్’ అనే కొత్త పేరుతో తుపానై, అక్టోబరు 3న ఒమన్ తీరాన్ని తాకింది. మన కళింగపట్నం దగ్గర మొదలుపెట్టి మస్కట్ దాకా!

ఈ సంగతిని ఇంగ్లీషులో చెప్పాలంటే ఒక్క క్రియ చాలు. ‘ద రెమ్నెంట్స్ ఆఫ్ గులాబ్ పర్సిస్టెడ్.’ అంటే గులాబ్ అవశేషాలు పోకుండా నిలిచాయి అని.

ఇప్పుడు ఓ ప్రశ్న. ‘పర్సిస్ట్’ అంటే ఏమిటని ఏ డిగ్రీ క్లాసులో అడిగినా ‘పట్టుదలగా ప్రయత్నించడం’ అని ఠక్కున చెబుతారు. గైడుల్లో ఉండేదీ అదే. మరి తుపానుకి పట్టుదల ఎక్కడిది? దగ్గు మందు సీసా మీద ‘ఇఫ్ సింప్టమ్స్ పర్సిస్ట్, కన్సల్ట్ యువర్ డాక్టర్’ అని ఉంటుంది. దగ్గుకి పట్టుదల ఏమిటి? ఇక్కడే మనవాళ్లు చాలామంది బోల్తాపడుతున్నారు. ఈ క్రియలో మెచ్చుకోలు లేదు, తిట్టూ లేదు. పోవాల్సిన టైముకి పోకుండా ఉండటం, ఆగాల్సినచోట ఆగకపోవడం. అంతే. అది మంచో చెడో చెప్పేది పక్కనున్న మాటలు.

మాట పుట్టుక చూస్తే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. లాటిన్‌లో ‘సిస్టెరె’ అంటే నిలబడటం, నిలబెట్టడం. ‘పెర్’ అంటే ఆసాంతం, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా. రెండూ కలిస్తే చివరిదాకా నిలబడి ఉండటం. ఈ ‘సిస్ట్’ కుటుంబం పెద్దది, బ్యాంకు పరీక్షల్లో క్లోజ్ టెస్టుల నిండా వీళ్లే. రెసిస్ట్ అంటే ఎదురు నిలబడటం. అసిస్ట్ అంటే పక్కన నిలబడటం, సాయానికి. ఇన్సిస్ట్ అంటే ఒకదాని మీద నిలబడటం, ‘ఇదే కావాలి’ అని. డెసిస్ట్ అంటే తప్పుకుని నిలబడటం, మానేయడం. కన్సిస్ట్ అంటే కలిసి నిలబడటం, అందుకే ‘దీనిలో ఇవి ఉన్నాయి’ అనే అర్థం వచ్చింది. ఎగ్జిస్ట్ అంటే బయటికొచ్చి నిలబడటం, అంటే ఉండటం. ఒక్కసారి ఈ నిలబడే బొమ్మని మనసులో వేసుకుంటే ప్రిపోజిషన్లు కూడా చాలావరకు వాటంతటవే గుర్తుంటాయి. మీద నిలబడేది కాబట్టి ఇన్సిస్ట్ ఆన్, తప్పుకునేది కాబట్టి డెసిస్ట్ ఫ్రమ్. రెసిస్ట్‌కి మాత్రం ఏ ప్రిపోజిషనూ అక్కర్లేదు. ‘రెసిస్ట్ టు ద చేంజ్’ అని రాస్తే మార్కు పోయినట్టే.

తెలుగువాళ్లం ఇదే భావాన్ని నిలబడటంతో కాదు, పట్టుకోవడంతో చెప్పుకున్నాం. పట్టుదల, మొండిపట్టు, పట్టుబట్టడం, పట్టువిడుపు. వాన రోజుల తరబడి వదలకపోతే ‘ముసురు పట్టింది’ అంటాం. దగ్గు ‘పట్టుకుంది’ అంటాం, జ్వరం ‘వదల్లేదు’ అంటాం. విక్రమార్కుడి పేరు ముందు ‘పట్టు వదలని’ అని తగిలించకపోతే మనకి నిద్రపట్టదు. (చూశారా, నిద్ర కూడా పట్టాల్సిందే.) అంటే ముసురుకీ విక్రమార్కుడికీ మనం వాడే మూలం ఒకటే. ఇంగ్లీషులో ‘పర్సిస్ట్’ చేసేపని కూడా అచ్చం ఇదే. తేడా ఒక్కటే. తెలుగులో మనిషిని మెచ్చుకోవాలంటే పట్టుదల, విసుక్కోవాలంటే మొండిపట్టు అని మాట మార్చేస్తాం. ఇంగ్లీషువాళ్లు క్రియని అలాగే ఉంచి, తరచూ వెనకాల ప్రిపోజిషన్‌తో ఆ పని కానిస్తారు.

మనిషి కానివాటికి ప్రిపోజిషన్ అవసరం ఉండదు. ‘ద రెయిన్ పర్సిస్టెడ్ ఫర్ త్రీ డేస్.’ మూడ్రోజులు ముసురు వదల్లేదు. ‘ద పోర్ట్ ఈజ్ గాన్, బట్ ద నేమ్ పర్సిస్ట్స్.’ దీనికీ కళింగపట్నమే సాక్ష్యం. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు ఇది. ‘పట్నం’ అనే మాటకి రేవు ఊరనే పాత అర్థం ఉంది. ఓడలు రావడం మానేశాయి, కళింగ రాజ్యాలు ఎప్పుడో పోయాయి, పేరులో మాత్రం రాజ్యమూ ఉంది, రేవూ ఉంది.

మనిషి దగ్గరికి వస్తే ఇన్, విత్ అని రెండు దారులు.

‘హి పర్సిస్టెడ్ ఇన్ కాలింగ్ మి ఆఫ్టర్ మిడ్‌నైట్.’ వద్దంటున్నా అర్ధరాత్రి దాటాక ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఇక్కడ ‘ఇన్’ తర్వాత ఐఎన్‌జీ రూపం వచ్చింది, వాక్యంలో చిరాకు కూడా వచ్చింది. ఎవరైనా ‘పర్సిస్ట్ ఇన్ డూయింగ్’ అన్నారంటే చాలాసార్లు ‘చెప్పినా వినకుండా’ అనే మాట లోపల దాగుంటుంది. ‘షి పర్సిస్టెడ్ విత్ ద ట్రైనింగ్’ అంటే మాత్రం కష్టంగా ఉన్నా ట్రైనింగ్ వదలకుండా కొనసాగించింది అని. చిరాకు లేదు, ఎక్కువసార్లు కాస్త గౌరవమే ఉంటుంది. దీన్ని రూలులా బట్టీ పట్టొద్దు. ‘పర్సిస్టెడ్ ఇన్ హర్ ఎఫర్ట్స్’ అంటే మెచ్చుకోలే, ఎందుకంటే ఎఫర్ట్స్ అనే మాటే మంచిది. అయినా అనుమానం వచ్చినప్పుడు మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు ‘విత్’ వైపు మొగ్గితే నష్టం లేదు.

ఈ క్రియ ఎలా రంగు మారుస్తుందో ప్రపంచమంతా చూసిన ఓ సందర్భం ఉంది. 2017 ఫిబ్రవరి 7న అమెరికా సెనేట్‌లో ఎలిజబెత్ వారెన్ అనే సభ్యురాలు, అటార్నీ జనరల్ పదవికి ప్రతిపాదించిన జెఫ్ సెషన్స్‌ని వ్యతిరేకిస్తూ, మార్టిన్ లూథర్ కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ 1986లో రాసిన లేఖని చదవబోయారు. నిబంధనలు ఒప్పుకోవంటూ ఆమెని ఆపేశారు. తర్వాత మెజారిటీ నాయకుడు మిచ్ మెకానెల్ ఇచ్చిన సంజాయిషీ మూడు ముక్కల్లో ఉంటుంది. హెచ్చరించాం, వివరించాం, ‘నెవర్‌దెలెస్, షి పర్సిస్టెడ్’. ఆయన ఉద్దేశం ఫిర్యాదు. ‘అయినా సరే, వినలేదు’ అని. మర్నాటికల్లా అదే వాక్యం టీషర్టుల మీదకి ఎక్కింది. ‘అయినా సరే, వెనక్కి తగ్గలేదు’ అని! అక్షరం మారలేదు. ఇన్ లేదు, విత్ లేదు కాబట్టి ఎవరి అర్థం వాళ్లు పెట్టుకున్నారు. ఈ పదానికి ఇంతకన్నా మంచి పాఠం ఏ గ్రామర్ పుస్తకంలోనూ దొరకదు.

అంత దూరం ఎందుకు, మన వంశధార పక్కకే వద్దాం. కళింగపట్నం నుంచి నది వెంట ఎగువకి వెళ్తే ముందు బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండ, ఇంకా పైకి శ్రీముఖలింగం వస్తాయి. ఆ శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు వెంకట రామమూర్తి పుట్టారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, ఆ సంగతి పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి కొత్త కాదు. పరీక్షలో రాని విషయం ఒకటుంది.

విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకున్న రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులయ్యారు. జీతం వస్తోంది, ఊళ్లో గౌరవం ఉంది. చుట్టుపక్కల కొండల్లోంచి వచ్చే సవరల మాట మాత్రం ఆయనకి అర్థమయ్యేది కాదు. ఆ భాషకి లిపి లేదు, నిఘంటువు లేదు, నేర్పే పుస్తకం లేదు. నేర్చుకుంటే వచ్చే ఉద్యోగమూ లేదు. అయినా సవర మాట్లాడే మనిషిని పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. కొండల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది. దానికి అప్పట్లో మందు క్వినైన్. ఆ క్వినైన్ వల్లే వినికిడి దెబ్బతిందని చెబుతారు. మాటల ధ్వనులు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి చెవులు పోవడమంటే ఏమిటో ఊహించుకోండి. అయినా సవర పాఠాలు, బళ్లు, పుస్తకాలు సాగాయి. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. అప్పటికి ఆయనకి 68 ఏళ్లు.

ఇది ‘హి పర్సిస్టెడ్ విత్ సవర’. దీని మీద ఎవరికీ పేచీ లేదు.

ఆయన రెండో పని వ్యావహారిక భాష. పిల్లల పుస్తకాలు జనం మాట్లాడే తెలుగులో ఉండాలన్నారు. గ్రాంథికమే భాష అనుకునే పండితులకి ఇది అపచారం. వాళ్ల వైపు నుంచి చూస్తే ఇది ‘హి పర్సిస్టెడ్ ఇన్’ వ్యవహారమే. పెద్దలు కాదంటున్నా వినని మనిషి. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి మరీ వాదించారు. ఊరూరా సభల్లో, పండితుల పుస్తకాల్లోంచే తప్పులు తీసి చూపించారు. అందుకే ఆయనంటే కొంతమందికి భయం కూడా. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లాక అన్నేళ్ల ఊరిని వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరిలో కన్నుమూశారు. పాఠ్యపుస్తకాలు పూర్తిగా ఆయన కోరిన భాషలోకి రావడం ఆయన చూడలేదు. మీరిప్పుడు చదువుతున్న ఈ పేజీ ఏ భాషలో ఉందో గమనిస్తే, ప్రిపోజిషన్ ఎప్పుడు మారిపోయిందో తెలుస్తుంది.

గిడుగు దగ్గర ఉద్యోగార్థులు పట్టుకోవాల్సిన సూక్ష్మం ఒకటుంది. ఆయన లక్ష్యాన్ని వదల్లేదు గానీ పద్ధతిని ఎన్నోసార్లు మార్చారు. అర్జీ పెట్టారు, వ్యాసం రాశారు, పత్రిక పెట్టారు, సభలో నిలబడ్డారు. ఇంటర్వ్యూ బోర్డు మీ నుంచి వినాలనుకునేది కూడా ఇదే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ అయ్యాక రెండేళ్లో మూడేళ్లో గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్‌కో, ఆర్మీ ర్యాలీకో ప్రిపేరైనవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. ఆ తర్వాత ఏ ప్రైవేటు బ్యాంకు ఇంటర్వ్యూకో వెళ్తే మొదటి ప్రశ్న ‘ఈ గ్యాప్ ఏమిటి?’ అని. చాలామంది తలదించుకుంటారు, లేదా బట్టీపట్టిన ‘ఐ యామ్ ఎ వెరీ పర్సిస్టెంట్ పర్సన్’ అప్పజెబుతారు. ఒంటరిగా పడేస్తే ఆ వాక్యం తేలిపోతుంది. పర్సిస్టెంట్ కాఫ్ అన్నా అదే విశేషణం కదా. దేనితో నిలబడ్డారో, ఏం మార్చారో చెప్పండి. ‘ఐ పర్సిస్టెడ్ విత్ మై ప్రిపరేషన్ ఫర్ టూ ఇయర్స్, బట్ ఆఫ్టర్ ద ఫస్ట్ అటెంప్ట్ ఐ చేంజ్డ్ మై మెథడ్.’ ఆపై ఏం మార్చారో ఓ ఉదాహరణ. మొదటిసారి మేథ్స్‌లో కట్ ఆఫ్ దాటలేదు, రెండోసారి రోజూ మాక్ టెస్టులు రాసి దాటాను, మెయిన్స్‌లో ఆగిపోయాను, ఆ రెండేళ్లలో ట్యూషన్లు చెప్పి ఇంటికి డబ్బిచ్చాను. ఇందులో ఫెయిల్యూర్ ఉంది, అయినా వినేవాళ్లకి మనిషి కనిపిస్తాడు.

అదే ‘ఐ పర్సిస్టెడ్ ఇన్ రైటింగ్ ద సేమ్ ఎగ్జామ్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అంటే? గ్రామర్ తప్పు లేదు. కానీ మీ మీద మీరే ఫిర్యాదు చేసుకున్నట్టుంది. నా అభిప్రాయం అడిగితే, ఈ వాక్యం రాయాల్సి వచ్చే పరిస్థితిలో ఉన్నవాళ్లు ఇంగ్లీషుకన్నా ముందు ఆ ఐదేళ్ల గురించే ఆలోచించాలి. మూడో ప్రయత్నంలోనూ మొదటి ప్రయత్నం నోట్సే తిప్పుతుంటే, స్కోరు అక్కడే ఉంటే, అది విత్ నుంచి ఇన్‌లోకి జారిపోయినట్టే. ఇంట్లో అమ్మానాన్నలకి ఆ తేడా మనకన్నా ముందే తెలుస్తుంది, పైకి అనరు.

ఇక పని చేసేచోట ఈ మాట వేరే వేషాల్లో ఎదురవుతుంది. టెక్నికల్ ఇంటర్వ్యూలో ‘పర్సిస్టెన్స్ అంటే ఏమిటి?’ అని అడిగితే మీ గుణగణాలు చెప్పకండి. ప్రోగ్రామ్ ఆగిపోయినా, కరెంటు పోయినా డేటా పోకుండా డిస్క్‌లోనో డేటాబేస్‌లోనో నిలిచి ఉండటాన్ని డేటా పర్సిస్టెన్స్ అంటారు. ర్యామ్‌లో ఉన్నది పోతుంది, డిస్క్ మీదిది నిలుస్తుంది. జావా వాళ్లకి జేపీఏ తెలుసు కదా, అందులో మధ్య అక్షరం ఈ పర్సిస్టెన్సే. కుబర్నెటీస్ నేర్చుకున్నవాళ్లకి పర్సిస్టెంట్ వాల్యూమ్ ఎదురవుతుంది. డేటా సైన్స్ వైపు వెళ్తే పర్సిస్టెన్స్ మోడల్ అని ఉంది. రేపు కూడా ఇవాళ్టిలాగే ఉంటుందని చెప్పేయడం. నవ్వులాటలా ఉన్నా ఇది వాతావరణ శాస్త్రంలో గట్టి కొలత. ఎంత ఖరీదైన మోడల్ కట్టినా ఈ ‘నిన్నటిలాగే’ లెక్కని ఓడించలేకపోతే దానివల్ల ప్రయోజనం లేదన్నమాట.

ఇన్సూరెన్స్ కంపెనీల్లో ఉద్యోగానికి వెళ్లేవాళ్లు పర్సిస్టెన్సీ అనే మాట తప్పక తెలుసుకోవాలి. అమ్మిన పాలసీల్లో ఎన్నింటికి జనం ప్రీమియం కడుతూనే ఉన్నారో చెప్పే నిష్పత్తి ఇది. 13వ నెల, 25వ నెల... ఇలా 61వ నెల దాకా లెక్క కడతారు. 13వ నెల ఎందుకంటే, ఏడాది తిరిగాక రెండో ప్రీమియం కట్టారా లేదా అన్నది అప్పుడే తేలుతుంది. చుట్టాల మొహమాటానికి ఏజెంటు అంటగట్టిన పాలసీలు ఇక్కడే రాలిపోతాయి. గ్రూప్స్ వాళ్లకి పర్యావరణం పేపర్లో పర్సిస్టెంట్ ఆర్గానిక్ పొల్యూటెంట్స్ వస్తాయి. నేలలో, నీళ్లలో, ఒంట్లో ఏళ్ల తరబడి కరగకుండా ఉండిపోయే డీడీటీ లాంటి విషాలు. వీటి మీద స్టాక్‌హోం ఒప్పందం 2001లో కుదిరింది, 2004లో అమల్లోకి వచ్చింది, మొదటి జాబితాలో 12 రసాయనాలున్నాయి. ఇక్కడ ‘పర్సిస్టెంట్’ని పట్టుదల గల అని అనువదిస్తే ఎలా ఉంటుందో చూడండి!

రాసేటప్పుడు జాగ్రత్తపడాల్సినవి రెండే. ‘పర్సిస్ట్’ తర్వాత నేరుగా కర్మ రాదు. ‘ఐ పర్సిస్టెడ్ మై ఎఫర్ట్స్’ తప్పు. ‘పర్సిస్ట్ టు లెర్న్’ కూడా తప్పే, ‘పర్సిస్ట్ ఇన్ లెర్నింగ్’ అనాలి. పలికేటప్పుడు బరువు రెండో ముక్క మీద, ‘సిస్ట్’ మీద వేయాలి. ‘పర్సిస్ట్స్’ అనడానికి మన నాలుక తడబడుతుంది. చివర టకారం మింగేసి ‘పర్సిస్’ అంటే వినేవాళ్లకి వేరేగా వినిపిస్తుంది, కాబట్టి మెల్లగా నాలుగైదుసార్లు అనుకోండి. ‘పర్సివియర్’ అనే దగ్గరి చుట్టం కూడా ఉంది. అది దాదాపు ఎప్పుడూ మెచ్చుకోలే. దగ్గు పర్సిస్ట్ అవుతుంది గానీ పర్సివియర్ అవదు.

చిన్న అభ్యాసం. ఈ నాలుగింటిలో ఖాళీని ఇన్ లేదా విత్‌తో పూరించండి, అక్కర్లేకపోతే వదిలేయండి. ఒకటి, ‘ద ఫీవర్ పర్సిస్టెడ్ ... ఫర్ ఎ వీక్.’ రెండు, ‘హి పర్సిస్ట్స్ ... పార్కింగ్ ఎట్ అవర్ గేట్.’ మూడు, ‘దే పర్సిస్టెడ్ ... ద ప్రాజెక్ట్ డిస్పైట్ ద లాసెస్.’ నాలుగు, ‘గిడుగు పర్సిస్టెడ్ ... స్పోకెన్ తెలుగు.’

జవాబులు: మొదటిదానికి ఏమీ అక్కర్లేదు. రెండోది ఇన్, మూడోది విత్. నాలుగోదానికి ఇవాళ విత్ రాస్తాం. 1919లో పరీక్ష పెట్టి ఉంటే, పేపర్లు దిద్దే పంతులుగారు ఎవరన్నదాన్ని బట్టి ఉండేది.